వెనక చక్రంలో ఏముంది

మార్కాపురం నుంచి నేను పనిచేసే బడికి షేర్ ఆటోలో వెళ్ళాలంటే ముందు ఆటో నిండాలి. నిండడం అంటే ఏమిటో నిర్ణయించేది డ్రైవరు. వెనక సీటులో నలుగురు, వాళ్ళకు ఎదురుగా చెక్క మీద ముగ్గురు, డ్రైవరుకు అటొకరు ఇటొకరు, పైన బియ్యం మూట ఎక్కిన తర్వాత కూడా అతను కిందికి దిగి టీ అంగడి వైపు నడుస్తూ "వస్తాండారు మేడం, ఇంకొకరు వస్తాండారు" అనేవాడు. ఎవరు వస్తున్నారో అతనికీ తెలియదు. ఇదివరకు బడికి కాస్త ఆలస్యంగా చేరితే హెడ్‌మాస్టరు మొహం చూడాల్సి వచ్చేది, అంతే. ఇప్పుడు ఫోను ముందు నిలబడి మన మొహం మనమే చూపించి హాజరు వేయించుకోవాలి. హెడ్‌మాస్టరుకు కాస్త మొహమాటం ఉంటుంది. ఫోనుకు అదీ లేదు.

నేను తెలుగు టీచరును. యాభైకి దగ్గర పడుతున్నాను. స్కూటీ నేర్చుకోరాదా అని అందరూ అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నాను, నేర్చుకున్నాను. నేర్చుకుంటూ కూరగాయల తోపుడుబండిని గుద్దాను. వంకాయలకు తప్ప ఎవరికీ దెబ్బలు తగల్లేదు. అయితే ఆ తర్వాత నా చెయ్యి యాక్సిలరేటరు తిప్పడానికి ఒప్పుకోలేదు. సైకిలు మాత్రం బాగా వచ్చు. మా పుట్టిల్లు గిద్దలూరు. అక్కడ ఇంటర్ చదివినన్నాళ్ళూ కాలేజీకి సైకిలు మీదే వెళ్ళాను. పెళ్ళయి మార్కాపురం వచ్చాక మళ్ళీ తొక్కాల్సిన పని పడలేదు.

ఒక ఆదివారం పాత సామాన్ల దుకాణానికి బల్ల కొందామని వెళితే, బీరువాల వెనక గోడకు ఆనించి ఒక సైకిలు కనిపించింది. ముదురాకుపచ్చ రంగు. నడుమ అడ్డకడ్డీ లేదు, చీర కట్టుకుని ఎక్కడానికి వీలుగా వంపు తిరిగి ఉంది. గొలుసు మొత్తం మూత లోపల ఉంది. దోర్నాల వైపు కొండల్లో సొరంగం పనికి వచ్చిన విదేశీ ఇంజనీరు ఒకాయన వెళ్ళిపోతూ వదిలేసిన సైకిలట.

దుకాణమాయన నిజాయితీపరుడు. "ఇది మాత్రం వద్దక్కా" అన్నాడు. "ముందర ఒకటే బ్రేకు ఉంది. ఎనక చక్రానికి బ్రేకే లేదు. ఆ నడిమధ్యన చూడు, ఎట్ల వాచిపోయిందో. ఇనుము కింద అమ్మేద్దామని పెట్టినా."

వెనక చక్రం మధ్యలో, ఇరుసు చుట్టూ, మామూలు సైకిలుకు ఉండే సన్నని గొట్టం బదులు నీళ్ళ చెంబు అంత లావున ఒక డబ్బా ఉంది. కుడి చేతి పిడి పక్కన తిప్పడానికి ఒక కట్టు, దాని మీద ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు. దుకాణం ముందే ఎక్కి వీధి చివరి దాకా తొక్కాను. అంకె ఒకటి మీద పెడితే కాళ్ళు గాలిలో తిరుగుతున్నట్టు తేలికగా ఉంది. ఏడు మీద పెడితే తిరగలిలో మినుములు విసురుతున్నట్టు బరువుగా ఉంది. ఆపుదామని పెడలు వెనక్కి తొక్కితే చక్రం టక్కున ఆగిపోయింది. వెనక బ్రేకు లేకపోవడం కాదు, అది కాళ్ళ కింద ఉంది. బల్ల సంగతి మరిచిపోయి సైకిలు కొనుక్కుని వచ్చాను.

తర్వాత ఫోనులో చూసి తెలుసుకున్నాను. ఆ వాపు లోపల ఏడు గేర్లు ఉంటాయి. పళ్ళచక్రాలు బయటికి కనపడవు, దుమ్ము పట్టదు, వాన తడపదు. ఆగి ఉన్నప్పుడు కూడా గేరు మార్చుకోవచ్చు. బయటి నుంచి చూస్తే మాత్రం పాలు పోసే ఆయన సైకిలుకూ దీనికీ తేడా ఉండదు. నా కష్టాలన్నీ ఈ చివరి వాక్యంలో నుంచి వచ్చాయి.

మొదటి కష్టం ఇంట్లోనే. మా ఆయనకు బజారులో పలకల దుకాణం ఉంది. రాతి పలకల వ్యాపారం మా మామగారి కాలం నాటిది. ఇప్పుడు పలకలతో పాటు ప్లాస్టిక్ బకెట్లు, కుర్చీలు కూడా అమ్ముతున్నాం. ఆయన సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి నిలబడ్డాడు.

"నేనేమన్నా బండి కొనియ్యలేనోడినా?" అన్నాడు.

"దీనికి ఏడు గేర్లు ఉన్నాయండి" అన్నాను.

ఆయన వంగి చూశాడు. "ఏవీ?"

"లోపల."

"లోపల" అని ఆయన కూడా అని, ఇంట్లోకి పోయి వార్తలు పెట్టుకున్నాడు.

వారం తిరగకముందే దుకాణానికి వచ్చినవాళ్ళు అడగడం మొదలుపెట్టారు. "వ్యాపారం ఎట్ల ఉందన్నా?" అని గొంతు తగ్గించి అడిగేవాళ్ళట. ఎప్పుడూ బేరం చేసే ఒకాయన ఆ నెల బేరం చేయకుండా కుర్చీ కొనుక్కుపోయాడు. దానితో మా ఆయన మనసు బాగా గాయపడింది. బజారు వీధిలో నుంచి కాకుండా వెనక సందులో నుంచి వెళ్ళమని నన్ను అడిగాడు. వెనక సందులో కుక్కలు ఉంటాయి. కుక్కలు గేర్ల గురించి అడగవు కాబట్టి ఒప్పుకున్నాను.

బడిలో హెడ్‌మాస్టరు భౌతికశాస్త్రం చెబుతారు. మంచి మనిషి. కళ్ళకు కనపడిన దాన్నే నమ్మాలని పిల్లలకు చెబుతారు, తానూ అలాగే నడుచుకుంటారు. మొదటి రోజు నేను చెమట తుడుచుకుంటూ వరండాలోకి వస్తే సైకిలు ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు.

"గేర్ల సైకిలు అన్నారంట మేడం?"

"అవును సార్. ఏడు."

"గేర్లుంటే కనపడాల గదమ్మా. మన పదో తరగతి పిల్లోళ్ళ సైకిళ్ళు చూడండి, ఎనక చక్రానికి పూలదండ ఉన్నట్టు ఉంటాయి."

"ఇవి లోపల ఉంటాయి సార్."

"లోపల అంటే ఏమన్నా అనొచ్చు" అని ఆయన గంట కొట్టించడానికి వెళ్ళిపోయారు.

స్టాఫ్‌రూములో నాకు ఎదురు చెప్పినవాళ్ళు లేరు. నమ్మినవాళ్ళూ లేరు. గేర్ల మాట ఎత్తినప్పుడల్లా అందరూ నా టిఫిను డబ్బా వైపు చూసి ఏం కూర తెచ్చానో అడిగేవాళ్ళు.

బడికి కాస్త ముందు ఒక మిట్ట ఉంది. ఆటోలు కూడా దాని మీద గొంతు మార్చుకుంటాయి. మిట్ట కింద కాలనీ, కాలనీలో చిన్న ప్రార్థన మందిరం, దాని పక్క ఇంట్లో మా బడి వంటామె ఉంటుంది. మధ్యాహ్నం పిల్లలకు అన్నం వండేది ఆమే. అరవైకి దగ్గరగా ఉంటుంది. భర్త లేడు. బడిలో పని దొరకక ముందు కందిచేలల్లో, మిరప తోటల్లో కూలికి పోయేది. రోజూ పొద్దున ఆకుకూరల సంచి చంకన పెట్టుకుని మిట్ట ఎక్కుతూ కనిపించేది. నాలుగు అడుగులు వేసి, మోకాలు పట్టుకుని నిలబడి, మళ్ళీ నాలుగు అడుగులు వేసేది.

ఒక రోజు పక్కన ఆపి, "ఎక్కు అక్కా" అన్నాను.

ఆమె సైకిలు వైపు చూసింది, మిట్ట వైపు చూసింది, నన్ను పైనుంచి కిందికి చూసింది. "నువ్వు నన్ను మొయ్యలేవు మేడం."

"నేను మొయ్యను. గేరు మోస్తుంది."

మోకాలు నొప్పి ఎక్కువగా ఉన్న రోజు అయి ఉండాలి, వెనక క్యారియరు మీద ఎక్కి కూర్చుంది. నేను కట్టును ఒకటి మీదికి తిప్పాను. కాళ్ళు గిరగిర తిరుగుతున్నాయి, సైకిలు మాత్రం పెళ్ళి ఊరేగింపులా కదులుతోంది. మా పక్క నుంచి ఒక గొర్రెల మంద మమ్మల్ని దాటుకుని వెళ్ళింది. గొర్రెల కాపరి రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

సగం మిట్టలో వంటామె, "దిగి నడిస్తేనే ముందర పోతానేమో మేడం" అంది. కాసేపు ఆగి, "కానీ కూసుంటే బాగుంది" అంది.

అప్పటి నుంచి రోజూ మిట్ట కింద నా కోసం నిలబడేది. దారిలో నేను ఆమెకు గేర్లు ఎలా పనిచేస్తాయో వివరించేదాన్ని. నాకు తెలిసినంతలో, చిన్న చక్రం పెద్ద చక్రం అని, ఆమెకు అర్థమయ్యేలా రోకలి, తిరగలి, బావి గిలక అన్నీ వాడి చెప్పాను. ఆమె ప్రతిసారీ ఓపికగా విని, "అట్లనా" అనేది.

ఊళ్ళో మాత్రం వేరే మాట పుట్టింది. యాభై ఏళ్ళ టీచరమ్మ ఇంకొక మనిషిని వెనక పెట్టుకుని, సీటు మీద నుంచి లేవకుండా, మిట్ట మీద ఎక్కడా దిగకుండా పోతోందంటే అది కాళ్ళ పని కాదు. అది బ్యాటరీ సైకిలు. వెనక చక్రంలో వాపు ఉంది కదా, అదే మోటారు. ఈ మాట ఎవరు మొదలుపెట్టారని విచారిస్తే వంటామే అని తేలింది. "నేను కూసుంటా గదా, నాకు తెలవదా? కింద గుయ్యిమని సప్పుడొస్తాది" అని కాలనీ అంతా చెప్పిందట.

నేను ఆమెనే అడిగాను. "అక్కా, బ్యాటరీ అన్నావంట?"

"ఏమో మేడం, నాకట్ల అనిపించింది" అంది, తోటకూర తుంచుతూ.

మళ్ళీ మొదటి నుంచి వివరించాను. "అట్లనా" అంది.

బ్యాటరీ మాట వచ్చాక సైకిలు పెట్టుకోవడానికి చోటు కరువైంది. ఎక్కడో బ్యాటరీ బండి అంటుకుని కాలిపోయిన వీడియో ఊళ్ళో అందరి ఫోన్లలోనూ ఉంది. వరండాలో పెడితే పిల్లల తల్లిదండ్రులు వచ్చి మర్యాదగా అభ్యంతరం చెప్పారు. వంటగది పక్కన గ్యాసు ఉంది. నీళ్ళ ట్యాంకు పక్కన నీళ్ళు ఉన్నాయి. గేటు బయట పెడితే ఎదురింటి ఆయన తన గడ్డివామి వైపు చూపించాడు. చివరికి గొర్రెల దొడ్డి గోడకు ఆనించాను. మమ్మల్ని దాటిపోయిన కాపరే, "పెట్టుకో టీచరమ్మా, గొర్రెలకేం తెలుసు" అన్నాడు.

ఆ నెల స్టాఫ్ మీటింగులో హెడ్‌మాస్టరు ఫ్యాను వైపు చూస్తూ మాట్లాడారు. "బడి కరెంటు బడికే. సొంత బండ్లకు ఛార్జింగు పెట్టడం పద్ధతి కాదు. నేను ఎవుర్నీ అనడంలే."

బడిలో మిగతావన్నీ పెట్రోలు బండ్లు. అందుకని నేనే లేచి, "సార్, దానికి ప్లగ్గు పెట్టే చోటే లేదు. కావాలంటే వచ్చి చూడండి" అన్నాను.

అందరం గొర్రెల దొడ్డి దగ్గరికి వెళ్ళాం. హెడ్‌మాస్టరు మోకాళ్ళ మీద కూర్చుని ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా వెతికారు. ఎక్కడా చిల్లు దొరకలేదు. లేచి మోకాళ్ళు దులుపుకుని, "లోపల పెట్టింటారు" అన్నారు.

అప్పుడు నాకు కొంచెం కోపం వచ్చింది. "ఒకసారి తొక్కి చూడండి సార్. మోటారు ఉంటే మీకే తెలుస్తుంది" అన్నాను. సైకిలును బడి మైదానంలోకి నెట్టుకొచ్చాను. అది విరామ సమయం. పిల్లలందరూ మైదానంలోనే ఉన్నారు. హెడ్‌మాస్టరు చొక్కా సర్దుకుని ఎక్కారు. ఎక్కే ముందు ఒక్క విషయం చెప్పాల్సింది. చెబుదామని నోరు తెరిచేలోపు ఆయన సగం మైదానం దాటిపోయారు. నిటారుగా, గంభీరంగా, చాలా బాగా తొక్కుతున్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. సైకిలు వచ్చినవాళ్ళందరికీ ఒక అలవాటు ఉంటుంది, కాస్త వేగం వచ్చాక కాళ్ళకు తోచక పెడలు వెనక్కి తిప్పుతారు. చప్పట్లు విని ఆయనా తిప్పారు. సైకిలు టక్కున ఆగిపోయింది. ఆయన ఆగలేదు.

దేవుడి దయ వల్ల ఇసుకలో పడ్డారు. ఎడమ మణికట్టు బెణికింది. వంటామె నీళ్ళ చెంబుతో పరిగెత్తుకుని వచ్చి, తడి తువ్వాలు చుట్టి, "అదురుతాంది సార్, కదపమాకండి" అంది. ఆయన లేచి కూర్చుని మొదట నావైపే చూశారు.

"రివర్స్ గేరు ఉందని చెప్పొద్దా మేడం?"

అందరూ నావైపు తిరిగారు. అంతమంది ముందు, చేతికి తడి తువ్వాలు చుట్టుకున్న మనిషితో వాదన పెట్టుకోవడం బాగుండదు. "తప్పయింది సార్" అన్నాను. ఆ విధంగా నా సైకిలుకు గేరు ఉందని బడి మొత్తం ఒప్పుకుంది. ఒకటే గేరు, అది వెనక్కి పోయేది.

ఆ ఏడు వానలు పడ్డాయి. మా వైపు వాన అంటే పండగే కానీ, వానల్లో సైకిలుకు ఏదో అయింది. నాలుగు మీద పెడితే పట్టుకోకుండా జారిపోయేది. కర్రుమని శబ్దం, కాలు ఖాళీగా కిందికి పోయేది. సైకిలు షాపుకు తీసుకుపోతే ఆ మెకానిక్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "పంచరుంటే చెప్పమ్మా ఏస్తా. ఆ బ్యాటరీ జోలికి నేను పోను, పేలిందంటే?" అన్నాడు. మాట మిట్ట దిగి మార్కాపురం దాకా వచ్చేసిందన్నమాట.

ఇంటికి తెచ్చి వరండాలో పెట్టాను. నేను మళ్ళీ ఆటోలో పోవడం మొదలుపెట్టాను. వంటామె నడవడం మొదలుపెట్టింది. ఒకరోజు సాయంత్రం నేను ఆలస్యంగా వచ్చి గడప మీదే కూలబడితే మా ఆయన చూశాడు. ఆదివారం మధ్యాహ్నం భోంచేశాక పాత దుప్పటి ఒకటి తెచ్చి వరండాలో పరిచాడు.

"ఏందో ఆ వీడియో పెట్టు" అన్నాడు.

ఆ వీడియోలో మాట్లాడేది ఏ భాషో మాకు తెలియదు. ఆ మనిషి చేతులు కనపడేవి, అంతే. ఆయన ఏది విప్పితే మేమూ అది విప్పాం. విప్పిన ప్రతి ముక్కనూ మా ఆయన దుప్పటి మీద వరసగా పెట్టాడు. పలకలు పగలకుండా పేర్చిన చేతులు కదా, ఒక్కటి కూడా దొర్లిపోలేదు. చివరికి ఆ డబ్బాలో నుంచి లోపలి ఇరుసును రెండు చేతులతో మెల్లగా బయటికి లాగాడు.

నేను కూడా చూడటం అదే మొదటిసారి. నూనె పట్టి మెరుస్తూ, చిన్న చక్రాల చుట్టూ ఇంకా చిన్న చక్రాలు, ఒకదాని పళ్ళలో ఒకటి కూర్చుని, ఒకటి తిప్పితే అన్నీ తలో దిక్కుకూ తిరుగుతున్నాయి. మా ఆయన చాలాసేపు వేలితో తిప్పుతూ కూర్చున్నాడు.

"ఉండాయే" అన్నాడు చివరికి.

"చెప్పాను కదండీ."

"చెప్పినావులే. చెప్పడం వేరు." మళ్ళీ తిప్పాడు. "ఇన్నాళ్ళూ వీటినే తొక్కినావా నువ్వు? ఆ వంటామెను ఎనక పెట్టుకోని?"

"అవును."

ఆయన నా కాళ్ళ వైపు చూశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నన్ను అలా చూడటం నాకు గుర్తు లేదు.

శుభ్రం చేసి, నూనె పోసి, దీపాల వేళకు తిరిగి బిగించాం. అయినా నాలుగో గేరు జారుతూనే ఉంది. ఇంకొక వీడియో వెతికితే అది ఇంగ్లీషులో దొరికింది. గేరు తీగ వదులైతే అలా జారుతుందని, చక్రం పక్కనున్న చిన్న మరను కాస్త తిప్పితే చాలని, డబ్బా విప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాదని అందులో చెప్పారు. మా ఆయన మరను కాస్త తిప్పాడు. సరిపోయింది. మేము ఆ విషయం గురించి తర్వాత ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

కానీ గేర్ల గురించి మాట్లాడకుండా ఉండటం ఆయన వల్ల కాలేదు. విప్పినప్పుడు ఫోటోలు తీసి పెట్టుకున్నాడు. దుకాణానికి బకెట్టు కోసం వచ్చినవాళ్ళకు కూడా చూపించేవాడు. వెనక సందులో పోవద్దని, బజారు వీధిలోనే పొమ్మని నాకు చెప్పాడు. ఒక శనివారం బడిలో తల్లిదండ్రుల సమావేశం ఉంటే, పిలవకపోయినా స్కూటరు వేసుకుని వచ్చాడు. హెడ్‌మాస్టరుకు ఫోటోలు ఒక్కొక్కటే పెద్దవి చేసి చూపించాడు. హెడ్‌మాస్టరు కళ్ళజోడు పెట్టుకుని శ్రద్ధగా చూసి, "బాగుండాయి. ఏ మిషనువి ఇవి?" అని అడిగారు.

దానితో మా ఆయనకు పట్టుదల పెరిగింది. తిరిగి పోతూ మిట్ట కింద కాలనీలో బండి ఆపి, మంచినీళ్ళు అడిగి తాగి, గుమిగూడిన వాళ్ళకు కూడా ఫోటోలు చూపించాడు. "బ్యాటరీ లేదు, గీటరీ లేదు! అంతా మా ఆమె కాళ్ళ బలమే!" అని చెప్పాడట. ఇంటికి వచ్చి ఆ మాట నాకు చెబుతున్నప్పుడు ఆయన మొహం వెలిగిపోతోంది.

సోమవారం మిట్ట కింద వంటామె లేదు. నేను వచ్చేసరికే సగం మిట్ట ఎక్కేసింది.

"ఎక్కు అక్కా."

"వద్దులే మేడం. కాళ్ళు బాగుండాయి."

బాగాలేవు. మోకాలు పట్టుకునే నిలబడి ఉంది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. నేను ఏమైనా అన్నానా, మా ఆయన ఏమైనా తప్పుగా మాట్లాడాడా అని అడిగితే తల అడ్డంగా ఊపేది. చివరికి ఒక రోజు నేను కూడా దిగి, సైకిలు నెట్టుకుంటూ ఆమె పక్కనే నడిచాను. ఆమె ఆగితే ఆగాను. మిట్ట మీద ఎవరూ లేరు. కాసేపటికి ఆమే మాట్లాడింది.

"మీ ఆయన వచ్చి అందరి ముందర బ్యాటరీ లేదన్నాడు గదా. ఇంగ నేను ఎట్ల ఎక్కేది?"

"లేకపోతే ఏమైంది? ముందు నుంచీ లేదు కదా."

"లేదని నాకు తెలవదా మేడం? మొదటి రోజే తెలుసు. ఎనక కూసున్నదాన్ని, నీ రొప్పు నాకు ఇనపడదా?"

నేను నిలబడిపోయాను. ఆమె నిలబడలేదు, మెల్లగా నడుస్తూనే చెప్పింది.

"నువ్వు శెట్టిగారింటి కోడలివి. పాఠం చెప్పేదానివి. నేను కూలోళ్ళింటి దాన్ని. నువ్వు చెమటలు కార్చుకుంటా నన్ను కూసోబెట్టుకోని లాక్కపోతే చూసేటోళ్ళు ఊరుకుంటారా? పంతులమ్మ చేత లాగిచ్చుకుంటాంది, ఎంత పొగరు దీనికి అంటారు. మా ఇండ్లకాడ ఆడోళ్ళు కూడా అంటారు. నన్ను వంటకు పెట్టుకున్నప్పుడు ఊర్లో కొంతమంది పిల్లోళ్ళకు ఇంటికాడ్నించే క్యారేజీలు కట్టి పంపినారు. ఇప్పుడిప్పుడే మానుకున్నారు. మళ్ళా వాళ్ళ నోట్లో ఎందుకు పడాల? మిషను లాగితే ఎవురూ ఏమనరు మేడం. మనిషి లాగితేనే అడుగుతారు, ఎవురు ఎవుర్ని లాగుతాండారు అని."

ఆ బడిలో నేను చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. క్యారేజీల సంగతి నాకు తెలుసు. చూశాను కూడా. బడి వంట మా పిల్లోళ్ళకు పడదు టీచరమ్మా అని ఎవరి తల్లో అంటే నవ్వి ఊరుకున్న జ్ఞాపకం కూడా ఉంది. కానీ నా సైకిలు వెనక కూర్చున్న మనిషి ప్రతి రోజూ ఇంత ఆలోచించి కూర్చుంటోందని నాకు తట్టలేదు. నేనేమో ఆమెకు రోకలినీ గిలకనూ ఉదాహరణలుగా చెబుతూ వచ్చాను.

"మరి నేను అన్నిసార్లు గేర్ల గురించి చెబుతుంటే ఎందుకు విన్నావు అక్కా?"

"నీకు చెప్పడం ఇష్టం గదా" అంది.

ఆ సాయంత్రం మా ఆయనకు అంతా చెప్పాను. ఆయన అన్నం తింటూ తింటూ ఆగిపోయాడు. వంటామె చెప్పిన మాటలు ఆయనకు వెంటనే అర్థమయ్యాయి. బజారులో కూర్చునే మనిషికి ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారో అర్థం కాకపోవడం ఉండదు. కానీ బాధ పడ్డాడు.

"అయితే ఇప్పుడు నేను బ్యాటరీ ఉందని చెప్పల్నా? ఈ చేతులతో విప్పి చూసినాక?"

"చెప్పొద్దు. ఊరికే ఉండండి, చాలు."

"ఊరికే ఉంటే చాలదు. ఫోటోలు అందరికీ చూపించినా గదా" అన్నాడు. ఆ తప్పు తనదేనన్నట్టు చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు దుకాణం నుంచి వచ్చేటప్పుడు పాత ఎమర్జెన్సీ లైటు డబ్బా ఒకటి తెచ్చాడు. నల్లది, ఇటుక అంత ఉంటుంది. లోపలిదంతా తీసేశాడు. దాన్ని సీటు కింద రెండు పట్టీలతో బిగించి, అందులో నుంచి ఎర్ర తీగ ఒకటి వెనక చక్రం దాకా తెచ్చి, ఆ వాపు పక్కన కట్టాడు. కాస్త దూరం జరిగి చూసుకుని, మళ్ళీ వచ్చి తీగను సర్దాడు.

"ఎవురన్నా అడిగితే కొత్తగా పెట్టించినామని చెప్పు. గేర్లూ ఉండాయి, ఇప్పుడు బ్యాటరీ కూడా ఉంది. అప్పుడు నా మాటా పోదు, ఆయమ్మ మాటా పోదు."

డబ్బాలో నేను వానకోటు పెట్టుకుంటున్నాను.

హెడ్‌మాస్టరు చూసి చాలా సంతోషించారు. "ఇది పద్ధతి. ఇప్పుడు కనపడతాంది" అన్నారు. ఛార్జింగు ఇంటి దగ్గరే పెట్టుకుంటున్నానని నేనే ముందుగా చెప్పాను. "ఎంత దూరం వస్తాదమ్మా?" అని అడిగారు. "ఇంటికి వస్తుంది సార్" అన్నాను. బ్యాటరీ పైకి కనపడేసరికి ఊళ్ళో భయం కూడా తగ్గింది. వరండాలో పెట్టుకోమన్నారు. కానీ గొర్రెల దొడ్డి దగ్గర నీడ బాగుందని అక్కడే పెడుతున్నాను.

వంటామె డబ్బా చుట్టూ చూసి, తీగను వేలితో తట్టి, ఎక్కి కూర్చుంది. అప్పటి నుంచి మేము మిట్ట మీద గేర్ల గురించి మాట్లాడుకోవడం లేదు. ఆమె కూతురి ఊరు కురిచేడు. అక్కడి సంగతులు, మనవరాలి చదువు, ఆ రోజు పప్పు ఉడికిందా లేదా, అవే మాట్లాడుకుంటాం. ఇప్పుడు ఆమె మాట్లాడుతుంది, నేను "అట్లనా" అంటుంటాను.

ఈ ఎండాకాలం ముందు నాకు జ్వరం వచ్చి కొన్నాళ్ళు బడికి పోలేదు. మళ్ళీ వెళ్ళిన మొదటి రోజు మిట్ట కింద ఆమె ఎప్పటిలాగే నిలబడి ఉంది. ఎక్కింది. కట్టు ఒకటి మీద పెట్టాను. కొంచెం దూరం పోగానే తొడలు వణకడం మొదలైంది. ఒకటి కంటే కింద గేరు లేదు. పళ్ళు బిగించి తొక్కుతున్నాను. మిట్ట మీద ఆ పొద్దు జనం బాగానే ఉన్నారు. కూలికి పోయే ఆడవాళ్ళు, బడి పిల్లలు, ట్రాక్టరు దగ్గర నలుగురు మగవాళ్ళు.

"ఆపు మేడం" అంది వెనక నుంచి.

"ఫరవాలేదు అక్కా."

"ఆపమంటాండా."

ఆపాను. ఆమె దిగింది. నన్ను దిగవద్దని చేత్తో సైగ చేసి, ఆకుకూరల సంచిని క్యారియరు మీద పెట్టి, రెండు చేతులూ దాని వెనక ఆనించి నెట్టడం మొదలుపెట్టింది. మోకాలు నొప్పి ఉన్న మనిషి. నేను వద్దన్నా వినలేదు.

"అందరూ చూస్తున్నారు అక్కా" అన్నాను.

"చూడనీ" అంది, రొప్పుతూ. "బ్యాటరీ అయిపోయిందని చెప్తా."